కృతజ్ఞతల పేజీ

జూన్ 9

ముందు కృతజ్ఞతలు, తర్వాతే తిట్లు. ఈ డైరీకి నేను పెట్టుకున్న నియమం ఇది ఒక్కటే.

సిమ్రాన్‌కు, బాదుషాలు తెచ్చినందుకు. మా ఆయన తోమాసుకు, స్టేషన్లో టికెట్ల కౌంటరు డ్యూటీ దిగి వచ్చి ఆ బాదుషాల్లో రెండు నాకు మిగిల్చినందుకు. మా అత్తయ్య సుగుణమ్మ గారికి, రేపల్లె నుంచి ఫోన్ చేసి "ఇంకా మూసెయ్యలేదా అమ్మాయ్?" అని ఆశీర్వదించినందుకు.

"కబురు" పుట్టి ఈ రోజుకు నాలుగేళ్ళు. మా చిన్నాన్న రేపల్లెలో పోతే, బాపట్లలో ఉన్న సొంత చెల్లెలికి సంగతి తెలిసేసరికి మట్టి వేసేశారు. ఆవిడ ఆ సమాధి దగ్గర కూర్చుని ఎవర్నీ ఏమీ అనలేదు. తిట్టి ఉంటే నేను మర్చిపోయేదాన్నేమో. తెనాలి తిరిగి రాగానే సిమ్రాన్‌ను పిలిచాను. అప్పట్లో ఆమె మా కాలేజీలో నా దగ్గరే బీకాం చదివేది, కంప్యూటరు పని విడిగా నేర్చుకుంది. మన మూడు ఊళ్ళలో, చుట్టుపక్కల పల్లెల్లో ఎవరు పోయినా, భూస్థాపన ఎన్నింటికి, జనాజా నమాజు ఎన్నింటికి, అన్నీ ఒక్కచోట కనపడాలి అన్నాను. ఆ అమ్మాయి వారం తిరక్కుండా సైటు కట్టి చూపించింది. ఇప్పుడు ఊరికొక పేజీ ఉంది. చావు కబుర్లు, రక్తం కావాలన్న కబుర్లు, తప్పిపోయిన సర్టిఫికెట్లు. కింద జనం ఒకరినొకరు ఓదార్చుకుంటారు, పనిలో పనిగా పాత తగాదాలు కూడా తవ్వుకుంటారు.

సిమ్రాన్ బాదుషా చేతికిచ్చి ఒక మాట చెప్పింది. "మేడం, జనం పెరిగేకొద్దీ సర్వర్ ఖర్చు పెరుగుద్ది. మనకు పేరు వచ్చేకొద్దీ మనం మునుగుతున్నాం." నేను నవ్వాను. ఆ అమ్మాయి నవ్వలేదు. "కృతజ్ఞతల పేజీ ఒకటి పెట్టాం గదా, దాన్ని తీసేద్దామా? నాలుగేళ్ళలో ఎవరూ ఏమీ రాయలా" అని కూడా అడిగింది.

వద్దు, ఉండనీ అన్నాను. లెక్కలు రేపు చూస్తాను.

జూన్ 10

రేపు.

జూన్ 15

ఆదివారం. కృతజ్ఞతలు: వర్షానికి. ఫ్యాను ఆగిపోయినా చర్చిలో చల్లగా ఉంది.

ఈ రోజు కృతజ్ఞత కానుకల కవర్లు మరీ ఎక్కువ వచ్చాయి. పాస్టరయ్యగారు ఒక్కొక్కటి పైకెత్తి చదువుతూనే ఉన్నారు. ఫలానా వారి అమ్మాయికి నర్సింగ్ సీటు వచ్చినందుకు. ఫలానా వారి గేదె సుఖంగా ఈనినందుకు. ఫలానా వారు స్కూటరు మీద నుంచి పడి కూడా లేచి నడిచినందుకు. ప్రతి కవరుకూ జనమంతా "ఆమేన్" అనాలి. అయ్యగారు ఒక పేరు తప్పు చదివితే ఆ మనిషి లేచి నిలబడి సరిచేయించుకున్నాడు. ఇంటికొచ్చి వంట పూర్తయ్యేసరికి మూడయింది. కవర్లు పళ్ళెంలో వేసి దణ్ణం పెట్టుకుని కూర్చోవచ్చు కదా, ఈ ఊరేగింపు ఎందుకు అని తోమాసుతో అన్నాను. "నువ్వు లెక్చరరువి, నీకు అర్థం కాదులే" అన్నాడు.

జూన్ 20

బ్రహ్మానందం గారికి కృతజ్ఞతలు.

విజయవాడలో ఏదో డిజిటల్ కంపెనీ తరఫున వచ్చారు. కబురును కొంటారట. పేరు మార్చరట. నన్ను గౌరవ సలహాదారుగా ఉంచుతారట. కాఫీ కప్పు చేతిలోకి తీసుకుని కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసి మరీ తాగారు. "మీరు చేస్తున్నది పరిచర్య మేడం, దీన్ని ఇట్లా నీరసించిపోనివ్వకూడదు" అన్నారు. నాకు కళ్ళు చెమర్చాయి. ఆలోచించి చెబుతానన్నాను, కానీ లోపల ఎప్పుడో సరే అనేశాను.

సిమ్రాన్ వంటింటి గుమ్మంలో నిలబడి అంతా వింది. ఆయన వెళ్ళాక "కొని వాళ్ళేం చేసుకుంటారు మేడం?" అని అడిగింది. మంచివాళ్ళమ్మా అన్నాను. నేను అడిగింది అది కాదు అన్నట్టు చూసింది. ఈ కాలం పిల్లలకు ఎవరి మీదా నమ్మకం ఉండదు.

జూన్ 27

సిమ్రాన్‌కు హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. ఆగస్టు ఆఖరులోగా జవాబు చెప్పాలట. కబురు సర్వర్ గడువు కూడా ఆగస్టు ఆఖరే. దేవుడు అన్నీ ఒకేసారి సర్దుతాడు.

క్రిస్మస్ నుంచి ఆ అమ్మాయి నా దగ్గర పైసా తీసుకోలేదు. ఇస్తానంటే వద్దంది. నేనేమన్నా గట్టిగా ఇచ్చానా? వద్దనగానే ఊరుకున్నాను. వాళ్ళ నాన్న అబ్దుల్ రజాక్ గారు టైలరు. కూతురు వెళ్తే మంచిదే అనుకుంటున్నారు, పైకి మాత్రం అనడం లేదు. నేను కూడా సంతోషించాను. "వెళ్ళు తల్లీ, నిన్ను కట్టిపడేయను" అన్నాను. "మీరు ఉండమంటారేమో అనుకున్నా మేడం" అంది.

ఇరవై ఏళ్ళు బీకాం పిల్లలకు వ్యాపార ప్రణాళిక పాఠం చెప్పాను. ఎవరు కొంటారు, ఎందుకు కొంటారు, కొనకపోతే ఎన్నాళ్ళు నిలబడతాం అంటూ బోర్డు మీద గీతలు గీశాను. సిమ్రాన్‌కు ఆ పేపరులో తొంభై పైన వచ్చాయి. పేపరు దిద్దిందీ నేనే.

జూలై 4

సైటులో ఆటోమేటిక్ ప్రకటనలు పెట్టించాను. మనం ఏమీ చేయక్కర్లేదట, వాటంతటవే వస్తాయట, డబ్బూ దానంతటదే వస్తుందట. సిమ్రాన్ వద్దంది. ఈ రెండు నెలలూ గడిస్తే చాలు, ఆ తర్వాత బ్రహ్మానందం గారు చూసుకుంటారు అన్నాను. ఎవరినీ చేయి చాచి అడగకుండా ఇల్లు గడిచే దారి దొరికింది. కృతజ్ఞతలు.

జూలై 8

పున్నయ్య గారి ఫొటో కింద రమ్మీ.

జూలై 9

నిన్న రాయలేకపోయాను.

బాపట్ల పున్నయ్య గారు పోయారు. వాళ్ళ లూథరన్ చర్చికి పెద్ద, రిటైర్డ్ హెడ్మాస్టరు. వీధిలో పేకాట కనపడితే ముక్కలు లాక్కుని ఇంటికి తీసుకెళ్ళి పొయ్యిలో వేసిన మనిషి. ఆయన చావు కబురు నిన్న ఉదయమే పెట్టాం. తెల్ల పంచె, చేతిలో బైబిలు ఉన్న ఫొటో. కింద "ప్రభువునందు నిద్రించారు". దాని కింద ఒక పిల్ల పేకముక్కలు పట్టుకుని కన్నుకొడుతూ, ఆడండి, గెలవండి, వెంటనే డబ్బు డ్రా చేసుకోండి అంటోంది.

ఎవరో దాన్ని ఫొటో తీశారు. ఇక అది తిరగని ఫోను లేదు. "పైకి పోయి కూడా ఆట మొదలెట్టారా మాస్టారు" అని ఎవడో రాశాడు. నేను చూసేసరికి మధ్యాహ్నమైంది. సిమ్రాన్ అప్పటికే ప్రకటనలన్నీ పీకేసింది. ఆయన కూతురు మాణిక్యాంబ గారికి ఫోన్ చేశాను, తీయలేదు. భూస్థాపన జరుగుతుంటే ఎవరు తీస్తారు? బుద్ధిలేనిదాన్ని.

అత్తయ్య ఫోన్ చేసింది. రోజూ టీ తాగుతూ కబురు చూసే మొదటి మనిషి ఆవిడే. ఎవరూ పోని రోజున "ఇయ్యాల ఏంటి, ఖాళీగా ఉంది?" అని అడుగుతుంది. ఈ రోజు మాత్రం "వాళ్ళింటికి పో. ఫోన్లో కాదు, మనిషివి పో" అని పెట్టేసింది.

జూలై 11

బాపట్ల వెళ్ళి వచ్చాను.

రైల్లో కూర్చున్నంతసేపూ క్షమాపణ వల్లెవేసుకున్నాను. మాణిక్యాంబ గారు తలుపు తీసి "ఎండన పడి వచ్చారు, ముందు కూర్చోండి" అని మజ్జిగ ఇచ్చింది. దాంతో వల్లెవేసినదంతా పోయింది. తప్పయిపోయిందండీ అని మాత్రం అన్నాను.

"మా నాన్న ఉంటే మీ సైటును కూడా పొయ్యిలో వేసేవాడు" అంది. తర్వాత చిన్నగా నవ్వింది. "దానికేంలెండి, తీసేశారు కదా. నేను మీకు చెప్పాల్సింది వేరే ఉంది. నాన్న పోయిన రోజు ఎవరెవరో వచ్చారండీ. చుండూరు నుంచి వచ్చారు, చీరాల నుంచి వచ్చారు. నేను ముఖం కూడా ఎరగను. మాస్టారు మాకు ఫీజు కట్టారండి, మాస్టారు మమ్మల్ని కొట్టి చదివించారండి అంటా ఏడ్చారు. ఎట్లా తెలిసిందయ్యా అంటే, కబురులో చూశామన్నారు. వాళ్ళందరికీ కృతజ్ఞత చెప్పాలి. మీ దాంట్లో పేజీ ఉందంట కదా, వేయండి."

ఆ మాట చెబుతూ ఒక తెల్ల కవరు నా చేతిలో పెట్టింది. చర్చిలో ఇచ్చేటట్టే, పైన వాళ్ళ నాన్న పేరు, కృతజ్ఞత అని రాసి ఉంది.

వెనక్కి ఇచ్చేశాను. అబ్బే, మేము డబ్బు తీసుకోమండి, కబురు సేవ, ఊరికే వేస్తాం అన్నాను.

ఆవిడ మొహం మారింది. "ఊరికేనా?" అంది. "వాళ్ళు పనులు మానుకుని, ఛార్జీలు పెట్టుకుని మా గుమ్మం ముందుకొచ్చారు. నా చేతి నుంచి ఏమీ పోకుండా నేను కృతజ్ఞత చెబితే అది కృతజ్ఞత ఎట్లా అవుద్దండి? ఉత్త మాట అవుద్ది. ఆదివారం గుళ్ళో కూడా కవరు ఇయ్యకుండా నా పేరు చదవమని అడగలేను కదా."

నేను పట్టు వదల్లేదు. ఆవిడా వదల్లేదు. చివరికి కవరు తీసుకెళ్ళి బీరువాలో పెట్టేసింది. కృతజ్ఞత వేయించే మాట మళ్ళీ ఎత్తలేదు. గేటు దాకా వచ్చి మర్యాదగా సాగనంపింది.

నేను ఆ డబ్బు ముట్టుకోలేదు. అందుకు సంతోషంగా ఉంది. సంతోషంగానే ఉంది.

జూలై 13

ఆవిడ ఇచ్చిన మజ్జిగలో అల్లం బాగా పడింది. దానికి కృతజ్ఞత రాయడం మర్చిపోయాను.

జూలై 14

బాపట్ల సంగతి సిమ్రాన్‌కు చెప్పాను, నన్ను మెచ్చుకుంటుందని. ఆ అమ్మాయి తల పట్టుకుంది.

"మా తమ్ముడికి పాలిటెక్నిక్ సీటు వచ్చిన రోజు మా అబ్బా ఏం చేశాడో తెలుసా మేడం? చేతిలో కుట్టే బట్ట పక్కన పడేసి వెళ్ళి, వీధి వీధంతా స్వీట్లు పంచాడు. శుభవార్త ఉత్త చేతుల్తో ఎవరు చెబుతారు? మీరు నాలుగేళ్ళుగా జనాన్ని ఉత్త చేతుల్తో రమ్మంటున్నారు. సిగ్గుపడి రావట్లేదు వాళ్ళు."

మరి ఇదివరకు కవర్లు ఇవ్వబోయినవాళ్ళు? నేను తిప్పి పంపినవాళ్ళు? మనసులో ఒక్కొక్కరే వస్తున్నారు. రక్తం దొరికి బతికిన ఆ నిజాంపట్నం కుర్రాడి తల్లి. సర్టిఫికెట్లు దొరికిన పిల్ల. వాళ్ళలో ఒక్కరు కూడా మళ్ళీ నాకు ఎదురుపడలేదు. ఎక్కడన్నా కనబడినా పక్కకు తప్పుకున్నారు. నేను మంచిదాన్నని పొంగిపోతూ వాళ్ళ నెత్తిన బరువు పెట్టి వదిలేశానన్నమాట.

ఇదంతా ఎందుకు ఇప్పుడు? శుక్రవారం బ్రహ్మానందం గారు కాగితాలతో వస్తున్నారు.

జూలై 18

బ్రహ్మానందం గారికి కృతజ్ఞతలు. ఈసారి నిజంగా.

సంతకం పెట్టే ముందు ఊరికే అడిగాను. మా వల్ల కాలేదు గదా, దీన్నుంచి మీకు డబ్బు ఎట్లా వస్తుందండీ అని. ఆయన ఆశ్చర్యపోయారు. "మీ దగ్గరున్నది ఏంటో మీకు తెలియదా మేడం? ఏ ఊళ్ళో, ఏ ఇంట్లో, ఎవరు, ఎప్పుడు పోయారో, ఫోన్ నంబర్లతో సహా మీ దగ్గర ఉంది. మనిషి పోయిన నెలలోపు ఆ ఇంట్లో ఏదో ఒకటి కదులుద్ది. ఇన్సూరెన్స్ డబ్బన్నా, పొలం వాటాలన్నా, అప్పులన్నా. సరిగ్గా ఆ టైముకి మనవాళ్ళు ఫోన్ చేశారనుకోండి..." అని ఆగి, "ఓదార్చినట్టు కూడా ఉంటది" అన్నారు.

నాకు బాపట్లలో ఆ గేటు దగ్గర నిలబడ్డ మాణిక్యాంబ గారు గుర్తొచ్చింది. రోజుకు ఎన్నిసార్లు మోగుతుంది ఆవిడ ఫోను? నమ్మి నంబరు ఇచ్చింది నాకు.

"మీకు ప్లాను ఉంది, నాకు లేదు. అందుకే నేను మీకు సరుకునయ్యాను" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయనకు అర్థమైనట్టు లేదు. మళ్ళీ ఆలోచించుకోండి సిస్టర్, ఆగస్టు దాటితే ఎవరూ కొనరు అన్నారు. కాఫీ తాగకుండానే వెళ్ళారు. దాంతో ప్రార్థన కూడా తప్పింది.

చెడ్డమనిషి అని రాయబోయి ఆగాను. అడిగిన దానికి సూటిగా జవాబు చెప్పాడు. నాలుగేళ్ళలో ఆ ప్రశ్న నేను నన్ను ఒక్కసారైనా అడగలేదు.

జూలై 19

ఉద్యోగం మానేసినప్పుడు వచ్చిన ప్రావిడెంట్ ఫండ్ డబ్బు అంతా కబురుకే పోయిందని తోమాసుకు చెప్పాను. భయపడుతూ చెప్పాను.

"బ్యాంకు మెసేజీలు నా ఫోనుకే వస్తాయి నిర్మలా" అన్నాడు.

ఇన్నాళ్ళూ ఎందుకు అడగలేదంటే, "నువ్వు సంతోషంగా ఉన్నావు గదా" అన్నాడు. నాకు కోపం వచ్చింది, తర్వాత ఏడుపు వచ్చింది. ఈ మనిషికి నేను కృతజ్ఞత చెప్పాలో, నాలుగు తగిలించాలో తెలియడం లేదు.

జూలై 24

మా కాలేజీ రోజుల బోర్డు ఒకటి అటక మీద ఉంటే దింపించాను. సిమ్రాన్ విద్యార్థినిలా కాకుండా లెక్చరరులా నిలబడింది, నేను బెంచీ మీద కూర్చున్నాను. సాయంత్రానికి మా ప్లాను తేలింది.

చావు కబురుకూ, రక్తం కబురుకూ ఎన్నటికీ డబ్బు తీసుకోం. వచ్చిన వరుసలోనే వేస్తాం. ఫోన్ నంబర్లు ఎవరికీ అమ్మం, చూపించం. కృతజ్ఞతకు మాత్రం రుసుము ఉంటుంది. అందరికీ ఒకటే, కూలీ చేసుకునేవారు కూడా ఇవ్వగలిగినంత. మిల్లు ఓనరు ఎక్కువ ఇస్తానన్నా తీసుకోం. టెంట్ హౌసులు, వంటవాళ్ళు, సమాధి రాళ్ళు చెక్కేవాళ్ళు ప్రకటన వేసుకోవచ్చు, కానీ మనకు తెలిసినవాళ్ళే, అదీ కృతజ్ఞతల పేజీలోనే, పోయినవాళ్ళ ఫొటో కింద కాదు. వచ్చిన దాంట్లో ముందు సర్వరు, తర్వాత సిమ్రాన్ జీతం, ఆ తర్వాతే ఇంకేదైనా.

ఇక్కడ వాదన వచ్చింది. పాపం ఇవ్వలేనివాళ్ళకు ఊరికే వేద్దామన్నాను. సిమ్రాన్ చాక్‌పీసు కింద పెట్టేసింది. "మళ్ళీ మొదలెట్టారా మేడం? ఇవ్వలేనివాళ్ళు ఎవరో మీరెట్లా తేలుస్తారు? చొక్కా చూసా? మీకు ఊరికే వేసే బటన్ ఇస్తే నెలలో అందరికీ ఊరికే వేస్తారు. నేను అసలు ఆ బటనే పెట్టను." సరే పెట్టొద్దు, నాకైనా సరే పెట్టొద్దు అన్నాను రోషంగా.

అప్పుడు మాణిక్యాంబ గారికి ఫోన్ చేశాను. నా జీవితంలో ఎవర్నీ డబ్బు అడగలేదు. చెవులు వేడెక్కాయి.

"ఆ కవరు ఇంకా బీరువాలో ఉందా అండీ?"

"ఉందమ్మా. మీరు అడుగుతారని తీయలేదు" అంది.

జూలై 26

కృతజ్ఞతల పేజీలో మొదటి కబురు పడింది. "మా నాన్న పున్నయ్య మాస్టారి చివరి ప్రయాణానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ, పేరు తెలియనివారికి మరీ మరీ. కూతురు మాణిక్యాంబ, బాపట్ల." సాయంత్రానికి దాని కింద ఆమేన్‌లూ ఆమీన్‌లూ నిండిపోయాయి. మొన్న వెక్కిరించినవాడు కూడా వచ్చి చేతులు జోడించాడు.

ఆగస్టు 6

వస్తున్నాయి. కళ్ళ ఆపరేషన్ బాగా జరిగినందుకు చుండూరు నుంచి ఒక కూలీ తల్లి. పోయిన పర్సు తెచ్చి ఇచ్చిన తెనాలి ఆటో డ్రైవరుకు ఒక చీరాల బట్టల వ్యాపారి. కోడలు మాట్లాడటం మొదలుపెట్టినందుకు ఒక అత్తగారు, పేరు వద్దట. పేరు లేకపోతే కోడలికి ఎలా తెలుస్తుందమ్మా అంటే, "అదే తెలుసుకుంటుందిలే" అంది.

మా అత్తయ్య కూడా ఫోన్ చేసింది. మోకాళ్ళ నొప్పి తగ్గినందుకు వేయమంది. మీ దగ్గర డబ్బేంటి అత్తయ్యా, నేను కడతాలే అన్నాను. "నా మోకాళ్ళకు నువ్వు కట్టేదేంటి? నేనేమన్నా అడుక్కు తినేదాన్నా?" అని కేకలేసి తోమాసు చేత కట్టించింది, తన డబ్బే. పేజీలో తన పేరు చూసుకున్నాక మళ్ళీ చేసి "ఇనిషియల్ ఏదీ?" అని అడిగింది. దిద్దించాను.

ఆగస్టు 19

ఒక మిల్లు యజమాని తండ్రి పోయారు. మూడు రోజులు అన్నిటికన్నా పైన ఉంచాలి, ఎంతైనా ఇస్తాను అన్నాడు. ఆయన కన్నా ముందు ఒక పొలం కూలీ ముసలమ్మ కబురు వచ్చి ఉంది. ఆవిడ తర్వాతే మీ నాన్నగారిది వస్తుందండీ, అది మా ప్లాను అన్నాను. "ఏంటి ప్లానా? సైటుకి కూడా ప్లానా?" అన్నాడు. అవునండి అన్నాను. ఫోను పెట్టేశాడు.

ఇదివరకైతే మొహమాటానికి సరే అనేసి ఊరికే పైన పెట్టేదాన్ని. ఊరికే.

ఆగస్టు 30

సర్వర్ గడువు పొడిగించాం. కబురు సంపాదించిన డబ్బుతోనే.

సిమ్రాన్ హైదరాబాదు వాళ్ళకు రానని చెప్పింది. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. "అంత సంబరం ఒద్దు మేడం. నాకు జీతం ఇస్తానని కాగితం మీద రాసి సంతకం పెట్టండి. వద్దన్నా ఇవ్వాలని కూడా రాయండి" అంది. రాశాను. సాక్షి సంతకం తోమాసు పెట్టాడు.

అబ్దుల్ రజాక్ గారు వచ్చి ఒక కృతజ్ఞత రాయించారు. కూతురు ఇంటి దగ్గరే ఉంటున్నందుకు. డబ్బు నా చేతికి ఇవ్వలేదు, కూతురి చేతికిచ్చి రసీదు అడిగారు.

సెప్టెంబరు 12

తెల్లవారుజామున అత్తయ్య నిద్రలోనే వెళ్ళిపోయింది.

సెప్టెంబరు 16

ఇప్పుడు రాయగలను.

కబురులో ఆవిడ పేరు నేనే పెట్టాను. ఆ రోజు మూడోది. ముందు ఒక జనాజా, తర్వాత బాపట్ల నుంచి ఒకరు, తర్వాత మా అత్తయ్య. ఇనిషియల్‌తో సహా పెట్టాను. సిమ్రాన్ పక్కన కూర్చుంది, కానీ తను టైపు చేస్తాననలేదు. అది మంచిదయింది.

రేపల్లె చిన్న ఊరేమీ కాదు. అయినా మధ్యాహ్నం ప్యాసింజరు ఆగితే స్టేషను నిండిపోయిందట. తోమాసు కౌంటరు స్నేహితులు చెప్పారు. వాకిట్లో నిలబడి చూస్తుంటే జనం వస్తూనే ఉన్నారు. ఆవిడ ఎవరింట్లో పిల్లకు స్నానం పోసిందో, ఎవరి పెళ్ళిలో అరిసెలు వండిందో, ఎవరిని ఎండాకాలమంతా ఇంట్లో ఉంచుకుని అన్నం పెట్టిందో, మాకు ఎవరికీ తెలియని సంగతులన్నీ వాళ్ళే చెప్పారు. మాణిక్యాంబ గారు బాపట్ల నుంచి వచ్చి నా చేయి పట్టుకుని చివరిదాకా వదల్లేదు. అబ్దుల్ రజాక్ గారు దుకాణం మూసి వచ్చి పిడికెడు మట్టి వేశారు. మా చిన్నాన్న చెల్లెలు కూడా వచ్చింది, ఈసారి పెట్టె మూయకముందే.

సెప్టెంబరు 18

కృతజ్ఞత రాయడానికి కూర్చున్నాను. ఈ డైరీలో రోజూ రాసేదాన్నే కదా, నిమిషంలో అయిపోతుంది అనుకున్నాను. కాలేదు. ఎవరి పేరు రాసినా ఇంకొకరు మిగిలిపోతున్నారు. వచ్చిన వాళ్ళలో సగం మంది నాకు తెలియదు. కొట్టేసి, రాసి, కొట్టేసి, చివరికి మాణిక్యాంబ గారి మాటే వచ్చింది, పేరు తెలియనివారికి మరీ మరీ అని. కింద తోమాసు, నిర్మల, తెనాలి అని పెట్టాను.

పంపబోతే సైటు రుసుము కట్టమంది. అలవాటుగా సిమ్రాన్‌కు ఫోన్ చేశాను. ఇది మనదే కదమ్మా, వేసెయ్ అన్నాను.

ఆ అమ్మాయి మెల్లగా, ఏడుస్తున్నట్టే ఉంది, "మీకు ఊరికే వేసే బటన్ లేదు మేడం. మీకైనా సరే వద్దని మీరే అన్నారు" అంది.

కట్టాను. ఫోనులో డబ్బు వెళ్ళిన చప్పుడు వినపడింది. అప్పుడు ఏడ్చాను, ఆవిడ పోయిన తర్వాత మొదటిసారి, గట్టిగా. ఆ చప్పుడు వినేదాకా మా అత్తయ్యకు నేను ఏమీ ఇచ్చినట్టు అనిపించలేదు.